హై-టాప్ బూట్లు: చూపు ఎత్తు మీద, అసలు సంగతి అడుగున

బరంపురం గిరి రోడ్డులో సాయంత్రం పూట షూ షాపుల ముందు కాసేపు నిలబడితే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది. "చీలమండ దాకా కప్పేస్తుందండి, కాలు బెణకదు, ధైర్యంగా తీసుకోండి." ఒడియా గిరాకీకి ఒడియాలో, మనవాళ్లకు తెలుగులో, మాట మాత్రం అదే. కాలేజీ పిల్లలు దాన్ని పెద్దగా పట్టించుకోరు, వాళ్లకు కావాల్సింది ఆ రూపం. డబ్బులిచ్చే అమ్మానాన్నలకు మాత్రం ఆ ఒక్క మాటతో మనసు కుదుటపడుతుంది. ఫ్యాషన్ సంగతి ఎలా ఉన్నా కాలికి రక్షణ ఉంటుందిలే అనుకుని బిల్లు కట్టేస్తారు.

మన సరిహద్దు ఊళ్లలో ఈ బూట్లు ఇప్పుడు మామూలైపోయాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడికి వెళ్లినా కనిపిస్తాయి. తెల్ల రబ్బరు ముక్కున్న నల్ల కాన్వాస్ బూట్లు ఒక రకం. ఎరుపు, నలుపు తోలు ముక్కలు కలిపి కుట్టిన మందపాటివి ఇంకో రకం. వేసుకున్నవాళ్లలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు ఏ కొద్దిమందో. అందులో తప్పేమీ లేదు, నచ్చిన బూటు వేసుకోవడానికి ఆట వచ్చి తీరాలని లేదు. కాకపోతే ఒక వానాకాలం గడిచేసరికి అవే ఇళ్లలో ఫిర్యాదులు మొదలవుతాయి. మడమ నొప్పి అని ఒకరు, అడుగు ఊడిపోయిందని ఒకరు, తడిసి మూడు రోజులైనా ఆరలేదని ఒకరు. గమనించి చూడండి, వీటిలో చాలావాటికి బూటు ఎత్తుతో సంబంధమే లేదు.

హై-టాప్ అనే ఒక్క పేరు కింద నాలుగు వేర్వేరు విషయాలను కలిపి కొంటున్నాం. ఎత్తు, అడుగు, పైభాగం సరుకు, బ్రాండు పేరు. షాపులో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేవి మొదటిదీ చివరిదీ. రోజూ వేసుకునేవాళ్లను సుఖపెట్టేవీ ఏడిపించేవీ మధ్యలో రెండు. అందులోనూ ముందు అడుగు.

ఆ ఎత్తు ఎక్కడిది?

బాస్కెట్‌బాల్ 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టింది. చలికాలంలో కుర్రాళ్లను హాల్లోనే ఆడించడానికి జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ శిక్షకుడు కనిపెట్టిన ఆట అది. నున్నటి నేల మీద పరుగెత్తుతూ చటుక్కున ఆగాలి, తిరగాలి, ఎగరాలి. దానికి జారని బూటు కావాలి. అదే మసాచుసెట్స్ రాష్ట్రంలో, మాల్డెన్‌లో 1908లో మొదలైన కన్వర్స్ అనే రబ్బరు బూట్ల కంపెనీ 1917లో ఆల్ స్టార్ అనే బూటు తెచ్చింది. పైన మందపాటి కాన్వాస్, కింద రబ్బరు, చీలమండ మీదిదాకా లేసులు. ఆ కాలంలో మగవాళ్లు వేసుకునే మామూలు తోలు బూట్లు కూడా చాలావరకు చీలమండ దాటి ఉండేవి. కాబట్టి ఈ ఎత్తు వైద్యుల సలహాతో వచ్చిందని నేననుకోను. నాటి బూట్ల అలవాటే ఆట బూటులోకీ వచ్చింది.

దాన్ని దేశమంతా తిప్పినవాడు చక్ టేలర్. 1920ల మొదట్లో సేల్స్‌మన్‌గా చేరి, ఊరూరా ఆట నేర్పే శిబిరాలు పెడుతూ బూట్లు అమ్మాడు. 1930లలో ఆయన సంతకం చీలమండ దగ్గరున్న గుండ్రటి బిళ్ల మీదికెక్కింది. ఆ బిళ్ల బూటు లోపలివైపున, రెండు చీలమండలు ఒకదానికొకటి తగిలే చోట ఉంటుంది. 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ ఒక్క మ్యాచ్‌లోనే 100 పాయింట్లు చేసినప్పుడు కూడా ఆయన కాళ్లకున్నవి ఇలాంటి కాన్వాస్ బూట్లే.

ఆ ఆట మనవైపు వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థ ద్వారా వచ్చింది. 1920లో హ్యారీ బక్ మద్రాసులో పెట్టిన వైఎంసీఏ వ్యాయామ కళాశాల దానికి పెద్ద ఆధారం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆట వచ్చింది కానీ ఆ ఎత్తు బూటు మన ఇళ్లకు రాలేదు. మనకు తెలిసింది పీటీ షూ. 1930లలో బాటా కంపెనీ కలకత్తా దగ్గర బాటానగర్ కట్టుకుని కాన్వాస్, రబ్బరు బూట్లను దేశమంతా పంపడం మొదలుపెట్టింది. బడికి వేసుకెళ్లిన తెల్ల పీటీ షూ గుర్తుందా? దానికీ, ఇప్పుడు మన పిల్లలు వేలు పోసి కొంటున్న కాన్వాస్ హై-టాప్‌కీ తయారీ పద్ధతి దాదాపు ఒకటే. సరుకు నాణ్యతలో తేడా ఉండొచ్చు, ధరలో తేడా చాలా ఉంటుంది. అడుగు కుటుంబం మాత్రం ఒకటే. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. పీటీ షూతో రోజంతా సిమెంటు రోడ్డు మీద నడిస్తే కాలికి ఎలా ఉంటుందో మనకు అనుభవమే కదా.

ఆటలోంచి వీధిలోకి

1969లో అడిడాస్ సూపర్‌స్టార్ వచ్చింది. తోలుతో చేసిన బాస్కెట్‌బాల్ బూటు, అదీ చీలమండ కిందికే ఆగిపోయేది. తర్వాతి పదేళ్లలో పెద్ద ఆటగాళ్లు కాన్వాస్ వదిలేసి తోలుకు మారిపోయారు. ఆట కోర్టు వదిలేసిన కాన్వాస్ బూటు విద్యార్థుల దగ్గరికి, గిటారు వాయించే కుర్రాళ్ల దగ్గరికి చేరింది. చవక కాబట్టి చేరింది, తర్వాత గుర్తింపుగా మారింది.

రెండో రకం కథ వేరు. 1982లో నైకీ కంపెనీకి బ్రూస్ కిల్గోర్ ఎయిర్ ఫోర్స్ 1 చేశాడు. అడుగులో గాలి సంచి పెట్టిన మొదటి బాస్కెట్‌బాల్ బూటు ఆ కంపెనీకి అదే. 1985లో మైకేల్ జోర్డాన్ అనే ఆటగాడి పేరు మీద, పీటర్ మూర్ రూపం ఇచ్చిన ఎయిర్ జోర్డాన్ 1 వచ్చింది, ధర 65 డాలర్లు. రంగుల విషయంలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగుతో వచ్చిన పేచీని కంపెనీ ప్రకటనగా మార్చుకుంది. మొదటి ఏడాదిలోనే 12 కోట్ల 60 లక్షల డాలర్ల అమ్మకాలు జరిగాయి. ఇంకో పక్క స్కేట్‌బోర్డు ఆడే పిల్లలు కూడా వాటిని పట్టుకున్నారు, చెక్కకు గట్టిగా పట్టే అడుగు, మందపాటి తోలు వాళ్లకు పనికొచ్చాయి. కన్వర్స్ 2001లో దివాలా తీసింది, 2003లో నైకీయే దాన్ని 30 కోట్ల 50 లక్షల డాలర్లకు కొనేసింది. షాపులో ఎదురెదురుగా పోటీ పడుతున్నట్టు కనిపించే ఆ రెండు రకాల అసలు బూట్ల డబ్బూ ఇప్పుడు ఒకే గూటికి చేరుతోంది.

ఈలోగా కోర్టులో బూటు కాలరు, అంటే చీలమండ చుట్టూ ఉండే పై అంచు, కిందికి దిగింది. 2008 చివర్లో కోబీ బ్రయంట్ తన పేరు మీద వచ్చే బూటును ఫుట్‌బాల్ బూట్ల మాదిరి చీలమండ కిందికి చేయించుకున్నాడు. ప్రపంచంలోనే అంత వేగంగా తిరిగే ఆటగాడు ఆ పని చేశాక మిగతావాళ్లు కూడా ధైర్యం చేశారు. ఇప్పుడు కోర్టులో ఎత్తు తక్కువ బూట్లు సర్వసాధారణం. ఎత్తు బూటు ఎక్కువగా బతుకుతున్నది వీధిలోనే.

బెణుకు మాట నిజమా?

షాపువాళ్ల మాట అబద్ధమని తీసిపారేయలేం, అది చాలాకాలంగా అందరూ నమ్మిన మాట. అందుకే పరీక్షించి చూసినవాళ్లున్నారు. 1993లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో కాలేజీ స్థాయిలో సరదాగా బాస్కెట్‌బాల్ ఆడే 622 మందిని తీసుకున్నారు. కొందరికి ఎత్తు తక్కువ బూట్లు, కొందరికి హై-టాప్‌లు, ఇంకొందరికి గాలి నింపుకునే అరలున్న హై-టాప్‌లు ఇచ్చి ఒక సీజనంతా గమనించారు. చీలమండ బెణుకుల విషయంలో ఈ మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జరిగిన బెణుకులు మొత్తం మీద 15 మాత్రమే కాబట్టి ఆ ఒక్క పరీక్షతోనే అన్నీ తేలిపోయాయని అనను. కానీ ఎత్తు బూటు వేసుకుంటే కాలు బెణకదు అని హామీ ఇవ్వడానికి మాత్రం అక్కడ ఏ ఆధారమూ దొరకలేదు.

ఎందుకు దొరకలేదో కాస్త ఆలోచిస్తే అర్థమవుతుంది. కాలు బెణికేటప్పుడు పాదం లోపలికి మడతపడి చీలమండ బయటివైపున్న నరం లాంటి స్నాయువు సాగిపోతుంది. ఒళ్లంతా బరువు దాని మీద పడుతుంది, రెప్పపాటులో అయిపోతుంది. ఆ బరువును ఆపే బలం ఒక పొర కాన్వాస్ గుడ్డకు లేదు. తోలుకు కొంత ఉన్నా, లేసులు పైరంధ్రం దాకా బిగించి కడితేనే. మన పిల్లలు పై రెండు రంధ్రాలు వదిలేసి, బూటు నాలుక, అంటే లేసుల కింద ఉండే పట్టీ, బయటికి వేలాడేసి తిరుగుతారు. అలా వేసుకున్నాక రక్షణ మాట ఎత్తడమే అనవసరం.

నిజంగా కాలు మాటిమాటికీ బెణికేవాళ్లకు పనికొచ్చేది వేరే ఉంది. లేసులతో కట్టుకునే చీలమండ బ్రేసు, అంటే గట్టి పట్టీ. 2011లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో 1,460 మంది హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను గమనిస్తే, బ్రేసు వేసుకున్నవాళ్లలో చీలమండ గాయాల రేటు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు మూడో వంతే ఉంది. డాక్టరు సలహాతో అది కొనుక్కోవాలి. దాని మీద ఏ మామూలు బూటు వేసుకున్నా పరవాలేదు.

అలాగని ఎత్తుకు ఏ పనీ లేదని కాదు. మల్కన్‌గిరి, కోరాపుట్ అడవుల్లో జవాన్లు వేసుకునే ఆకుపచ్చ కాన్వాస్ జంగిల్ బూట్లను చూడండి. వాటి ఎత్తు బెణుకు కోసం కాదు, ముళ్లు, గులకరాళ్లు, జలగలు లోపలికి రాకుండా. ఊళ్లో మనకు దానికి సమానమైనది బైకు సైలెన్సరు. కుడి చీలమండ పైన నల్లటి కాలిన మచ్చ లేని కుర్రాడు మా వైపు అరుదు. హై-టాప్ వేసుకుంటే ఆ మచ్చ పడే చోటు కొంతవరకు కప్పి ఉంటుంది. ఈ ఎత్తు వల్ల నిక్కచ్చిగా దక్కే లాభం ఏదైనా ఉందంటే నాకు కనిపించేది ఇదే.

అడుగులు రెండు జాతులు

ఇక అసలు సంగతి. హై-టాప్‌ను చేతిలోకి తీసుకుని పక్కనుంచి, రబ్బరు దగ్గర చూడండి. రబ్బరు పట్టీ సన్నగా, నున్నగా, బూటు చుట్టూ చుట్టినట్టు ఉండి ఎక్కడా దారం కనిపించకపోతే అది వల్కనైజ్డ్ అడుగు. రబ్బరు గోడ మందంగా ఉండి, పై అంచు వెంబడే చిన్న గాడిలో దారం కుట్టు వరసగా కనిపిస్తే అది కప్‌సోల్. కన్వర్స్ కాన్వాస్ బూట్లు, పీటీ షూలు మొదటి జాతి. ఎయిర్ జోర్డాన్ 1, ఎయిర్ ఫోర్స్ 1, డంక్ లాంటివి రెండో జాతి.

మొదటి జాతి తయారీలో కాన్వాస్ పైభాగాన్ని కాలి ఆకారపు అచ్చు మీదికి లాగి తొడుగుతారు. కింద పచ్చి రబ్బరు అడుగు అంటించి, చుట్టూ రబ్బరు పట్టీ చుడతారు. అప్పుడు బూటు బూటంతా ఆవిరి పొయ్యిలో 100 డిగ్రీలకు పైబడిన వేడిలో సుమారు గంటసేపు ఉడుకుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన సూత్రమే ఇది. గంధకం కలిపిన రబ్బరు వేడికి గట్టిపడి సాగే గుణం నిలుపుకుంటుంది, గుడ్డను పట్టేసుకుంటుంది. అలా వచ్చిన అడుగు పల్చగా, చదునుగా, మెత్తగా వంగుతుంది. నేల కాలికి తెలుస్తుంది. జిమ్‌లో బరువులెత్తేవాళ్లు ఈ బూట్లను ఇష్టపడేది అందుకే, కింద మెత్తటి స్పాంజి లేకపోతే నిలకడ బాగుంటుంది. అదే గుణం నడకకు ప్రతికూలం. మడమ కింద దెబ్బను మింగే పొర దాదాపు ఉండదు. రోజంతా బండరాయి గచ్చు మీద నిలబడే మెడికల్ షాపు కుర్రాడికో, టీచరుకో సాయంత్రానికి మడమలు సలుపుతాయి. 2013లో మళ్లీ తెచ్చిన చక్ 70 రకంలో కాన్వాస్ మందం, లోపలి మెత్త కాస్త మెరుగు, ధర కూడా అలాగే. చవక రకం కొన్నవాళ్లు బూటు లోపల పరిచే మెత్త, అంటే ఒక మంచి ఇన్‌సోల్, విడిగా కొని వేసుకుంటే చాలావరకు సరిపోతుంది.

కొత్త కన్వర్స్ అడుగు మీద చేత్తో రాస్తే బొచ్చులా తగులుతుంది. అది లోపం కాదు. అమెరికా దిగుమతి సుంకాల లెక్కలో నేలను తాకే భాగంలో సగానికి పైగా గుడ్డ ఉంటే పన్ను తగ్గుతుంది, అందుకని పూసిన పల్చటి పొర. కొద్ది రోజుల నడకతో అరిగిపోతుంది. అది అరిగేదాకా తడి టైల్స్ మీద మాత్రం జాగ్రత్త, బాగా జారుతుంది.

రెండో జాతిలో రబ్బరును ముందే అంచులున్న గిన్నెలా పోస్తారు. లోపల మెత్తటి ఫోమ్ ఉంటుంది. పైభాగాన్ని అందులో కూర్చోబెట్టి జిగురుతో అంటించి, చుట్టూ కుడతారు. బరువెక్కువ, వంగడం తక్కువ, నడకలో మెత్తదనం ఎక్కువ, కుట్టు ఉంది కాబట్టి ఊడిపోవడం తక్కువ. రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచేవాళ్లకు నేను నిస్సంకోచంగా ఈ జాతినే చెబుతాను.

దీనికీ ఒక జబ్బు ఉంది, మన సముద్రపు గాలికి అది త్వరగా బయటపడుతుంది. కొన్ని బూట్ల మధ్యపొర పాలీయురెథేన్ అనే ఫోమ్‌తో చేస్తారు. గాలిలోని తేమ దాని అణువుల గొలుసులను నెమ్మదిగా తెంపేస్తుంది. కొన్నేళ్లకు అది అటుకుల్లా రాలిపోతుంది. విచిత్రం ఏమిటంటే, రోజూ వేసుకునే బూటు కంటే డబ్బాలో దాచిన బూటుకే ఇది ఎక్కువ. నడిచేటప్పుడు పడే ఒత్తిడికి లోపలి తేమ బయటికి పోతూ ఉంటుంది, డబ్బాలో ఆ అవకాశం లేదు. పెళ్లికో పండక్కో వేసుకుందామని బీరువా కింద నాలుగైదేళ్లు దాచి, తీసి నాలుగడుగులు వేసేసరికి అడుగు విచ్చిపోయిందని బాధపడేవాళ్లు మా వైపు చాలామంది. పాత బస్టాండు దగ్గర బూట్లు కుట్టే ఒక పెద్దాయన అలాంటి బూటును తిరగేసి, వేలితో లోపల నొక్కి, అరచేతిలో రాలిన పసుప్పచ్చ పొడి చూపించాడు. "కుట్టమంటే కుడతాను బాబూ. లోపలిది పొడైపోయాక సూది దేన్ని పట్టుకుంటాది?" అన్నాడు. కాన్వాస్ బూటు గురించి అడిగితే, అది వేళ్ల దగ్గర వంగే చోటే తెగుతుందని, పేస్టింగ్ చేస్తే కొన్నాళ్లు ఆగుతుందని, కుడితే మాత్రం సూది బెజ్జాల్లోంచి నీళ్లు పోతాయని చెప్పాడు. ఏ షాపు బోర్డు మీదా ఇంత స్పష్టంగా రాసి ఉండదు.

మన వాన, మన బైకు

జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా గంజాం తీరంలో గాలే తడిగా ఉంటుంది. కాన్వాస్ నీళ్లు పీల్చుకుంటుంది, హై-టాప్‌లో కాన్వాస్ ఎక్కువ కాబట్టి పీల్చుకునే నీళ్లూ ఎక్కువ, ఆరడానికి పట్టే సమయమూ ఎక్కువ. ఇక్కడ మాత్రం ఎత్తుదే తప్పు. కన్వర్స్ తరహా బూట్ల లోపలివైపు అరికాలు వంపు దగ్గర రెండు చిన్న లోహపు రంధ్రాలుంటాయి. గాలి ఆడడానికి ఉపయోగపడేవే, కానీ వానలో బైకు మీద వెళ్తే ముందు చక్రం చిమ్మే నీళ్లు నేరుగా వాటిలోంచే లోపలికి వస్తాయి. గోపాల్‌పూర్ బీచ్‌లో ఇసుకకు కూడా అదే దారి. చవక రకాల్లో ఆ రంధ్రాల చుట్టూ, లేసుల రంధ్రాల చుట్టూ ఉప్పు గాలికి తుప్పు మరకలు పడతాయి, అవి గుడ్డలోంచి పోవు.

తడిసిన బూటును ఎర్రటి ఎండలో పెట్టడం మన అలవాటు. పెట్టకండి. రబ్బరు బీటలిస్తుంది, జిగురు వదులుతుంది, సబ్బు సరిగ్గా పోకపోతే తెల్ల కాన్వాస్ మీద పసుపు చారలు తేలతాయి. లేసులు, లోపలి ఇన్‌సోల్ తీసేసి, పాత న్యూస్‌పేపరు ఉండలు చుట్టి ముక్కు దాకా కూరి, రెండు మూడు గంటలకోసారి మారుస్తూ ఫ్యాను కింద ఉంచితే తొందరగా ఆరుతుంది. ఇంకా తడిగా ఉండగానే మర్నాడు వేసుకుంటే వేళ్ల మధ్య ఫంగస్ పట్టడం ఖాయం. వానాకాలంలో ఒకే జత బూటు రోజూ వేసుకోకుండా మరో జతతో మార్చుకోవాలి, లేదంటే ఆ నాలుగు నెలలూ చెప్పులే మేలు. కొండల మీద, కోరాపుట్, సెమిలిగుడ వైపు, లెక్క మారుతుంది. చలికాలంలో తోలు హై-టాప్ అక్కడ హాయిగా ఉంటుంది. తెల్ల కాన్వాస్ మాత్రం ఆ ఎర్రమట్టికి ఒక్క వానతో రంగు మారిపోతుంది, ఎంత ఉతికినా పూర్తిగా తిరిగి రాదు. అటువైపు ఉండేవాళ్లు నలుపో ముదురు గోధుమ రంగో తీసుకోవడం మంచిది.

బైకు నడిపేవాళ్ల ఎడమ బూటును చూడండి. గేరు లీవరు పైకెత్తే చోట, వేళ్ల పైన, ఒక అరుగుదల ఉంటుంది. కాన్వాస్ బూటులో ముక్కు రబ్బరు కాస్త ముందే ఆగిపోతుంది, లీవరు తగిలేది దాని వెనకున్న గుడ్డకు. అందుకే కుడి బూటు కొత్తగా ఉండగానే ఎడమ బూటుకు అక్కడ చిల్లు పడుతుంది. తోలు బూటులో చిల్లు పడదు కానీ పైపూత లేచిపోతుంది. కాలర్ల సంగతి, అధ్యయనాల సంగతి పక్కన పెట్టినా, రోజూ గేరు బండి నడిపేవాళ్లకు తోలు, స్కూటీ వాళ్లకు కాన్వాస్ అని ఒక్క ఈ కారణంతోనే చెప్పొచ్చు. గేరు లీవరు మీదికి తొడిగే రబ్బరు తొడుగు మెకానిక్ షాపుల్లో దొరుకుతుంది, అదీ కొంత పనిచేస్తుంది.

విప్పడం, తొడగడం, కూర్చోవడం

అమెరికా కుర్రాడు పొద్దున్న వేసుకున్న బూటు రాత్రికి విప్పుతాడు. మన రోజు అలా ఉండదు. ఇంట్లోకి వెళ్లాలంటే విప్పాలి, పక్కింట్లోకి వెళ్లినా విప్పాలి, గుడి, ట్యూషన్, కొన్ని క్లినిక్కులు, అన్నిచోట్లా గుమ్మం బయటే. పైదాకా లేసులు కట్టే బూటుకు ఇది పెద్ద పరీక్ష. జనం చేసే పని, లేసులు విప్పకుండా మడమ తొక్కి లాగేయడం. దాంతో వెనక గట్టిగా ఉండాల్సిన భాగం చతికిలబడుతుంది, మూడు నెలల్లో బూటు ఆకారం పోతుంది. సాగే ఎలాస్టిక్ లేసులు వేసుకుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. పక్కన జిప్పుతో వచ్చే హై-టాప్‌లను చిన్నచూపు చూడకండి, మన జీవితానికి అవే సరిగ్గా సరిపోతాయి.

కూర్చోవడం సంగతి ఇంకా తక్కువమంది ఆలోచిస్తారు. బైకు టైరు చూడడానికో, సంతలో కూరగాయలు ఏరడానికో గొంతుక్కూర్చుంటే చీలమండ బాగా ముందుకు వంగాలి. బాస్కెట్‌బాల్‌లో అంత వంపు అవసరం లేదు, అందుకే తోలు హై-టాప్ కాలరు ముందుభాగం దానికి అడ్డు పడుతుంది, చర్మం ఒరుసుకుంటుంది. మెత్తటి కాన్వాస్ ఇక్కడ గెలుస్తుంది. షాపులో ప్రయత్నించేటప్పుడు నాలుగడుగులు నడిచి ఊరుకోకండి, ఒకసారి గొంతుక్కూర్చుని లేచి చూడండి. అక్కడే తేలిపోతుంది. మడమ పైన కాలరు ఒరుసుకోకుండా చీలమండ పైకి వచ్చే నూలు సాక్సు తప్పనిసరి.

ఏ బట్టల మీదికి బాగుంటాయి అనేదానికి పెద్ద చర్చ అక్కర్లేదు. ప్యాంటు అంచు కాలరు పైన పడేలా ఉంటే చాలు. కాళ్లు పొట్టిగా కనిపిస్తున్నాయనిపిస్తే ప్యాంటు రంగులోనే బూటు తీసుకోండి. కుర్తీ, జీన్స్ మీద మన అమ్మాయిలు వేసుకుంటున్న తీరు నాకు చాలా నచ్చుతుంది.

కొనేటప్పుడు

సైజు నంబరును నమ్మొద్దు. ఒకే నంబరు ఒక బ్రాండులో ఒకలా, ఇంకో బ్రాండులో ఇంకోలా ఉంటుంది. మగవాళ్ల బూట్లలో అమెరికా నంబరు 9 నైకీలో 27 సెంటీమీటర్లు, కన్వర్స్ కాన్వాస్‌లో 27.5. నాలుక వెనక లేబుల్ మీద సెంటీమీటర్లు అచ్చేసి ఉంటాయి, అవి పోల్చుకోండి. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది కాబట్టి ఆ పూటే కొలత చూసుకోవడం మేలు. పాదం వెడల్పుగా ఉన్నవాళ్లకు కాన్వాస్ ముక్కు ఇరుకుగా ఉంటుంది, మొదట్లో ఇరుకైనా తర్వాత వదులవుతుందిలే అని సర్దుకోకండి. గుడ్డ వదులవుతుంది కానీ ముక్కు రబ్బరు కాదు.

ఫస్ట్ కాపీ అని అమ్మే నకిలీల మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. బయటికి రూపం దింపేస్తారు, లోపల అడుగులో ఏముందో ఎవరూ చెప్పరు. పక్కన కుట్టులా కనిపించేది చాలాసార్లు రబ్బరులో అచ్చు పోసిన గీతే. గోరు పెట్టి గీకండి, దారమైతే తగులుతుంది. పదిహేను వందలు పెట్టి పెద్ద బ్రాండు గుర్తున్న నకిలీ కొనే బదులు, అదే డబ్బుతో సొంత పేరు మీద అమ్మే మన కంపెనీల హై-టాప్ కొనడం మర్యాదా, లాభమూ. బిల్లు ఉంటుంది, అడుగు ఊడితే అడగడానికి ఒక చిరునామా ఉంటుంది. పన్ను లెక్క కూడా ఇప్పుడు అటువైపే మొగ్గుతోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జత 2,500 రూపాయల దాకా ఉన్న పాదరక్షల మీద జీఎస్టీ 5 శాతం, ఆ పైన 18 శాతం.

మధుమేహం వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు, మడమ నొప్పికి మందులు వాడుతున్నవాళ్లు చదునైన కాన్వాస్ హై-టాప్‌ను రోజువారీ బూటుగా పెట్టుకోవద్దు. ఇంట్లో పిల్లలు ముచ్చటపడి కొనిచ్చినా సరే, డాక్టరును అడిగాకే వేసుకోవాలి. ఒరుసుకుని పడ్డ చిన్న పుండు కూడా వాళ్లకు తెలియకుండానే పెద్దదవుతుంది, ఎత్తు కాలరు అది కంటికి కనిపించకుండా చేస్తుంది.